కళ్ళు మూసుకుని చూపించిన ఎడారి

టొరంటోలో విమానం దిగి సామాన్ల బెల్టు దగ్గర నిలబడితే ఆవకాయ వాసన వచ్చిన కాలం అది. ఏ పెట్టె చూసినా చుట్టూ నైలాన్ తాడు, పైన మార్కర్ పెన్నుతో పెద్దపెద్ద అక్షరాల్లో ఇంటిపేరు. మా కరీంనగర్‌లో పలకరింపులే మారిపోయాయి. 'మంచిగున్నరా' అని అడిగేవాళ్ళు పోయి, 'మీ పిల్లకు ఆఫర్ లెటర్ వచ్చిందా' అని అడిగేవాళ్ళు మిగిలారు. ఎవరు ఏం చదవడానికి వెళ్తున్నారన్నది ఎవరికీ పట్టేది కాదు, వెళ్తున్నారా లేదా అన్నదే లెక్క. గుంపులో గోవిందా అని నేనూ మా కన్సల్టెంట్ ముందు కూర్చున్నాను. ఆయన కంప్యూటర్‌లోకి తొంగి చూసి, "బిజినెస్ అయిపోయింది, ఐటీ అయిపోయింది. టూరిజం ఉన్నది, సీటు గ్యారంటీ. తీస్కుంటవా బిడ్డా?" అన్నాడు, బేకరీలో సాయంత్రానికి మిగిలిపోయిన పఫ్ అంటగట్టినట్టు. తీసుకున్నాను. అప్పటికి నేను తిరిగిన యాత్రాస్థలాలు వేములవాడ, మా మేనత్తగారి ఊరు. (రెండోచోట దర్శనం తొందరగా అయ్యేది, ప్రసాదం కూడా బాగుండేది.) ఇక లోకానికి ఊళ్ళు చూపించే చదువు చదవడానికి నాకంటే అర్హులెవరని మా నాన్న విమానమెక్కించాడు.

అలా టొరంటో పక్కన ఏజాక్స్‌లో ఒక బేస్‌మెంట్‌లో తేలాను. పైన ఇల్లుగలవాళ్ళు డాక్టరంకుల్, ఆంటీ. అంకుల్ రిటైరైన ఎముకల డాక్టరు. ఊళ్ళోవాళ్ళ మోకాళ్ళన్నీ బాగుచేసినా, సొంత మోకాళ్ళు మాత్రం ఆయన మాట వినేవి కావు. తెనాలి వైపు మనిషి. మాట్లాడే ముందు గొంతు సవరించుకుని, ఆ ఊపులో ఎదుటివాళ్ళ మాటను కూడా సవరించేవారు. ఆంటీది హనుమకొండ. అంకుల్‌తో కాపురం చేసి చేసి ఆవిడ భాష సగం కృష్ణలో కలిసిపోయింది గానీ, సంతోషం వచ్చినా కోపం వచ్చినా నేరుగా హనుమకొండ చౌరస్తాలో దిగేది. కింద నాతోపాటు ఒక నంద్యాల పిల్ల ఉండేది. గోదాంలో ఎప్పుడు చూసినా ఓవర్‌టైమ్ చేస్తుండేది కాబట్టి దాని పేరే 'ఓవర్‌టైమ్' అయింది.

ఆంటీకి ఒక బెంగ ఉండేది. మా వైపు దసరా సాయంత్రం జమ్మి చెట్టు దగ్గరికి పోయి మొక్కి, ఆకు తెచ్చి, 'బంగారం' అని పెద్దవాళ్ళ చేతిలో పెట్టి కాళ్ళకు దండం పెట్టుకుంటాం. తోటివాళ్ళయితే ఆకు ఇచ్చి ఆలింగనం చేసుకుంటాం. ఆ ఆకు చేతిలో పడకపోతే దసరా వచ్చినట్టే ఉండదు. "బతుకమ్మకు పూలు కొనుక్కోవచ్చు బిడ్డా, చీరలు దొరుకుతయి, మేకపోతు సుత దొరుకుతది. జమ్మి ఏడ దొరుకుతది ఈ చలి దేశంల?" అని ప్రతి ఏడూ అనుకునేదట. అంకుల్ దినపత్రిక వెనక నుంచి, "ఆకు పట్టుకుని బంగారం అంటారేవిటే మీ వాళ్ళు! మా వైపు బంగారం అంటే బంగారమే," అని దెప్పేవారు. ఆంటీ అలిగి వంటింట్లోకి వెళ్ళిపోయేది, అంకుల్‌కి ఆ పూట కాఫీ పల్చబడేది.

మా ఆఖరి సెమిస్టర్‌లో గైడింగ్ అని ఒక కోర్సు వచ్చింది. దాన్ని చెప్పే మేడమ్ కళ్ళజోడు పూసల దండకు కట్టి మెడలో వేసుకునేది. నచ్చిన మాట వింటే కళ్ళజోడు పెట్టుకునేది, నచ్చకపోతే దించేసేది. అందుకని తెలుగు పిల్లలమంతా ఆవిడను కళ్ళజోడు మేడమ్ అనే పిలుచుకునేవాళ్ళం. కొవిడ్ పుణ్యమా అని కొత్తగా పుట్టిన పద్ధతి ఒకటుంది: ఇక్కడ కూర్చుని, ఎక్కడో ఉన్న ఊరిని, అక్కడ తిరుగుతున్న మనుషులకు వీడియో కాల్‌లో చూపించడం. అదే మా పరీక్ష, ఆ మనుషులను కూడా మేమే వెతుక్కోవాలి. ఇందులో తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి, స్టడీ పర్మిట్ పొడిగించుకోవాలి, వర్క్ పర్మిట్ వెనక్కి పోతుంది. ఇంటికి ఫోన్ చేసి 'నాయినా, నేను టూరిజంల ఫెయిలైన' అని చెప్పాలి. లెక్కల్లో ఫెయిలైతే మా నాన్న ఓర్చుకునేవాడు, ఊళ్ళు చూపించడంలో ఫెయిలయ్యానంటే బంధువుల్లో తలెత్తుకోలేడు. అందుకే ఆ పరీక్ష గట్టెక్కడం నాకు చావుబతుకుల సమస్యయి కూర్చుంది.

ఎవరికి ఏ ఊరన్నది చీటీలు తీశారు. ఒకడికి పారిస్, ఒకామెకు హాలిఫాక్స్. నాకు టూసాన్. అమెరికా నైరుతి మూల, అరిజోనా ఎడారిలో, మెక్సికో సరిహద్దుకు దగ్గర్లో ఉండే ఊరు. (మొదటి వారం దాన్ని టక్సన్ అని చదివాను. ఎవరూ దిద్దలేదు, ఎవరికీ తెలియదు కాబట్టి.) వీసా లేదు, వెళ్ళి చూసే యోగం లేదు. అయితేనేం, నాకు తెలిసిన విద్య ఒకటుంది. చిన్నప్పుడు మా సార్ ఎక్కాలు ఎలా నేర్పాడో, ఎడారిని అలాగే నేర్చుకున్నాను: కళ్ళు గట్టిగా మూసుకుని, కొంచెం ముందుకీ వెనక్కీ ఊగుతూ. ఎన్నో వేల ఏళ్ళ కిందట నది ఒడ్డున కాలువలు తవ్వి మొక్కజొన్న పండించిన ఆదివాసులు, తర్వాత స్పెయిన్ సైనికులు కట్టిన మట్టికోట, తర్వాత మెక్సికో జెండా, తర్వాత అమెరికా ఆ నేలను కొనుక్కోవడం, రైలు రావడం, పొడి గాలి కోసం క్షయరోగులు రావడం, నది ఇసుకగా మిగలడం. ఊరి చివర తెల్ల చర్చి. మట్టి ఇటుకలు, సున్నపు పూత, రెండు గోపురాల్లో ఒకటి సగంలో ఆగిపోయింది, మెస్కీట్ కలప తలుపులు. మెస్కీట్ పిండి, మెస్కీట్ బొగ్గు, మెస్కీట్ నీడ. ఎప్పుడు లేపి అడిగినా చెప్పేదాన్ని. షిఫ్ట్ నుంచి వచ్చి పడుకున్న ఓవర్‌టైమ్ మాత్రం దుప్పటి తీసి, "ఏమ్మే, నా కలలోకి గూడా ఆ మొండి గోపురమే వస్తాంది. రవ్వంత నిమ్మళంగా వల్లించుకోరాదా?" అని మొత్తుకునేది.

ఎక్కువగా వల్లించుకునేది బస్ స్టాప్‌లో. కాలేజీ గేటు బయట మా స్టాప్ పక్కనే ఒక చెట్టు ఉండేది. దరిద్రపు చెట్టు అనుకునేదాన్ని. మేపుల్ ఆకులు ఎంత మర్యాదగా, ఒక్కొక్కటే రాలేవి! ఇదేమో సన్నగా, రవ్వలు రవ్వలుగా రాల్చేది. నా జాకెట్ హుడ్‌లో పడేది, పులిహోర డబ్బాలో పడేది, తడి బూట్లకు అంటుకుని ఇల్లంతా తిరిగేది. నేను హుడ్ దులుపుకుని, దాన్ని రెండు తిట్లు తిట్టి, మళ్ళీ కళ్ళు మూసుకుని ఎడారిలోకి వెళ్ళిపోయేదాన్ని.

అసలు పరీక్షకు ముందు క్లాసులోనే ఒక రిహార్సల్ పెట్టారు. తోటి పిల్లలే టూరిస్టులు. నేను లేచి, గొంతు సవరించుకుని (అంకుల్ ప్రభావం), మొక్కజొన్న నుంచి మొదలుపెట్టి గుక్క తిప్పుకోకుండా రైలు దాకా వచ్చేశాను. చివర 'థాంక్యూ' అని కళ్ళు తెరిస్తే ముందు వరసలో కుర్చీలు ఖాళీ. సగం మంది కాఫీకి వెళ్ళిపోయారు. పారిస్ వాడు నిద్రపోతున్నాడు. కళ్ళజోడు మేడమ్ కళ్ళజోడు దించి అడిగింది (ఇంగ్లీషులోనే అనుకోండి), "మీ గెస్టులు ఏం చూస్తున్నారు?"

"మట్టికోట, మేడమ్," అన్నాను.

"వాళ్ళు కాఫీ మెషీన్ చూస్తున్నారు. నీకెలా తెలుస్తుంది, నీ కళ్ళు మూసి ఉంటే? చరిత్ర చెప్పడానికి ఫోన్ చాలు. గైడ్ ఎందుకంటే, మనుషులు ఏం చూస్తున్నారో చూడటానికి." అని, ఈసారి ఇలాగే చేస్తే పాస్ చేయలేనని మెత్తగా, చాలా మర్యాదగా చెప్పింది. ఆ దేశంలో మర్యాదగా చెప్పారంటే ఇక దానికి అప్పీలు లేదని నాకు అప్పటికే తెలుసు. ఆ పూట బస్సులో ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాను.

ఆంటీ నా మొహం చూసి పైకి పిలిచి, పెసరట్టు పెట్టి, సంగతంతా రాబట్టింది. విని నవ్వింది. "పిచ్చిదానా, ఈ ఏడు మేం చలికాలం గడపడానికి పోయేది ఆ ఊరికే గదనే! అంకుల్ మోకాళ్ళకు ఎండ కావాలని ఈ నడుమనే ఆడ ఇల్లు తీస్కున్నం. మేమే నీ టూరిస్టులం." కెనడాలో రిటైరైనవాళ్ళు చలికి ఎండ ఊళ్ళకు ఎగిరిపోతారని పాఠంలో చదివి కూడా, ఆ పక్షులు నా నెత్తిమీదే కాపురముంటున్నాయని నాకు తట్టలేదు. అంకుల్ గొంతు సవరించుకుని, "అమ్మాయ్, నేను ఊరికే తలాడించే రకం కాదు. ప్రశ్నలు వేస్తాను, చూసుకో మరి," అన్నారు. వేరే దిక్కేది? సరేనన్నాను. అక్టోబరు నడుమ వాళ్ళు వెళ్ళారు.

వెళ్ళిన మర్నాటి నుంచే రిహార్సళ్ళు. మాకూ వాళ్ళకూ మూడు గంటల తేడా. (ఆ రాష్ట్రంవాళ్ళు మిగతావాళ్ళలా ఏడాదికి రెండుసార్లు గడియారం ముల్లు ముందుకీ వెనక్కీ జరపరు. అంకుల్‌కి ఆ ఒక్క సంగతే నచ్చి, 'పౌరుషమున్న ఊరమ్మాయ్' అన్నారు.) నేను బేస్‌మెంట్‌లో హీటర్ పక్కన కూర్చుని దారి చెప్పేదాన్ని, వాళ్ళు నడిచేవాళ్ళు. జెముడు చెట్ల పార్కుకు పంపిస్తే అంకుల్ ఫోన్ చేసి, "ఏవమ్మాయ్, ఈ చెట్లు ట్రాఫిక్ పోలీసుల్లా చేతులెత్తాయి, కొన్నింటికి చేతులు లేవేం?" అని నిలదీశారు. ఆ చెట్టుకు మొదటి చెయ్యి రావడానికి ఒక మనిషి జీవితమంత కాలం పడుతుందని చెప్పాను. "అయితే ఈ వయసులో వచ్చినా నేను ఆలస్యం కాలేదన్నమాట," అని ఆయన తృప్తిపడ్డారు. మట్టికోట గోడ చూపిస్తే, "ఇది మా పెదనాన్నగారి గొడ్లచావిడి గోడలా ఉందే! మనవాళ్ళు టికెట్ పెట్టడం నేర్చుకోలేదు, అంతే తేడా," అన్నారు. రంగు రంగుల పాత ఇళ్ళ వీధిలో ఆంటీ ప్రతి గుమ్మం ముందూ ఆగి, "ఈ నీలం మా పెద్దమ్మ ఇంటి తలుపు రంగే," అంది. నేను మాత్రం మధ్యమధ్య గట్టిగా కళ్ళు మూసుకుని తర్వాతి పేరా గుర్తుచేసుకునేదాన్ని. తెల్ల చర్చిని మాత్రం పరీక్ష రోజుకే అట్టిపెట్టుకున్నాం. 'తలుపులు మెస్కీట్ కలపవి, మర్చిపోకండి, మేడమ్ అడగొచ్చు' అని ఆంటీకి ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు. మెస్కీట్ అనగా ఏమిటి, ఎలా ఉంటుంది అని ఒక్క ఫోటో కూడా తెరిచి చూసుకోలేదు. పరీక్షలో బొమ్మ గీయమనరు కదా.

పరీక్ష సరిగ్గా దసరా నాడు పడింది. పొద్దున్నే అమ్మ వీడియోలో ముగ్గు చూపించి, "జమ్మికి పోతున్నం, నీకేమన్న ఉన్నదా ఆడ?" అంది. పరీక్ష ఉంది అన్నాను. క్లాసులో పెద్ద తెర. వెనక బెంచీలో కళ్ళజోడు మేడమ్. కాల్ కలిసింది. తెర నిండా అంకుల్ ముక్కు, అందులోని వెంట్రుకలతో సహా. క్లాసంతా గొల్లుమంది. "అమ్మాయ్, వినబడుతోందా? ఎండ దంచేస్తోంది!" అని ముక్కు అడిగింది. ఆంటీ ఫోన్ లాక్కుంది. పట్టుచీర, కింద స్పోర్ట్స్ బూట్లు, నుదుట పెద్ద బొట్టు. వెనకాల నీలాకాశంలో తెల్లగా చర్చి. దాన్ని తెర మీద చూడగానే క్లాసులో ఎవరో అబ్బా అన్నారు. అదే మంచి శకునమనుకున్నాను.

మొదలుపెట్టాను. మొదట్లో బాగానే నడిపించాను, అటు చూడండి ఇటు చూడండి అంటూ. కానీ గోపురం దగ్గరికి రాగానే పేరా పెద్దది, మర్చిపోతానన్న భయం. కళ్ళు వాటంతటవే మూసుకుపోయాయి. ఊగడం కూడా మొదలైంది. "ఈ రెండో గోపురం ఎందుకు సగంలో ఆగిందో ఎవరికీ కచ్చితంగా తెలియదు. ఒక కథ ప్రకారం..." అని దూసుకుపోతుంటే క్లాసులో కిసకిసలు వినిపించాయి. కళ్ళు తెరిచాను. తెర మీద గోపురం లేదు, చర్చి లేదు. ఎండకు తట్టుకోలేక ఆంటీ ఎప్పుడో నీడ వెతుక్కుంటూ పోయింది. ఫోన్ ఒక చెట్టు కొమ్మల్లోకి తిరిగి ఉంది. సన్నటి ఆకులు, ఈనెకు రెండు వైపులా దువ్వెన పళ్ళలా వరసగా. పొట్టి ముళ్ళు. వంకర తిరిగిన నల్లటి మాను.

నా నోట్లో ఇంగ్లీషు పోయింది. "ఆంటీ! ఆగుండ్రి! కదలకుండ్రి! మీ నెత్తి మీద... జమ్మి ఆంటీ! జమ్మి!" అని క్లాసు మధ్యలో నిలబడి కేక పెట్టాను.

"ఏందే? ఏడ?" ఫోన్ గిర్రున తిరిగింది, ఆకాశం, బూట్లు, మళ్ళీ కొమ్మ. తర్వాత ఆంటీ గొంతు సన్నబడిపోయింది. "అవ్వో... గదే ఆకు. గదే ముల్లు. బిడ్డా, దసరా నాడు జమ్మి దొరికిందే! ఏమండీ! చర్చి ఏడికి పోదు గాని ఇటు రాండ్రి!"

"చర్చి ఇటుంటే అటు పోతావేవిటే!" అని దూరం నుంచి అంకుల్. "అమ్మాయ్, మనం గోపురం దగ్గర ఉన్నాం కదా? ఒక కథ ప్రకారం అన్నావు, ఆ కథేవిటి?"

నేను మేడమ్ వైపు చూశాను. కళ్ళజోడు మెడలో వేలాడుతోంది. చెప్పాల్సిన పేరాలు ఇంకా చాలా ఉన్నాయి. లోపలి గోడల మీది రంగుల బొమ్మలు, తలుపులు, రైలు. ఆంటీని వెనక్కి పిలిస్తే పరీక్ష మిగులుతుంది. కానీ తెర మీద ఆవిడ కొమ్మను తాకాలా వద్దా అని చెయ్యి గాల్లో ఆపుకుని నిలబడింది. అది చూశాక ఎలా పిలుస్తాను చెప్పండి? "ఆంటీ, ముందు ఎవరినన్న అడుగుండ్రి. అది ఆదివాసుల నేల, చెట్టు వాళ్ళది," అన్నాను. గైడ్‌గా నేను చెప్పిన మొదటి పనికొచ్చే మాట బహుశా అదే.

చర్చి ముందు కర్రలతో వేసిన పందిరి కింద ఒక పెద్దావిడ నూనెలో రొట్టెలు వేయిస్తోంది. (మన పూరీని వెడల్పుగా సాగదీస్తే ఎలా ఉంటుందో అలా. అంకుల్ చూపు అప్పటికే దాని మీద పడింది.) ఆంటీ వెళ్ళి తనకొచ్చిన ఇంగ్లీషులో, మాకు పండగ, మా ఊళ్ళో ఈ చెట్టుకు మొక్కుతాం, ఆకు తీసుకోవచ్చా అని అడిగింది. ఆ పెద్దావిడ నవ్వి, కొమ్మ విరవొద్దు, రాలినవి తీసుకో, మొక్కడానికి నన్ను అడగక్కర్లేదు అంది. ఆంటీ హ్యాండ్‌బ్యాగులోంచి కుంకుమ భరిణె తీసింది. మానుకు బొట్టు పెట్టింది. చెప్పులు, అంటే బూట్లు, విప్పి ఆ వేడి మట్టి మీదే ప్రదక్షిణ మొదలుపెట్టింది. అంకుల్ ఫోన్ పట్టుకుని వెనకాలే నడిచారు, మోకాళ్ళ సంగతి మరిచిపోయి.

అంతలో తెల్లజుట్టు టూరిస్టుల బస్సొకటి ఆగింది. వాళ్ళు చర్చి చూశారు, చెట్టు చుట్టూ తిరుగుతున్న పట్టుచీరను చూశారు. ఆ ఊరి ఆచారం ఇదే కాబోలనుకుని, కెమెరాలు సర్దుకుని, ఆంటీ వెనక వరస కట్టారు. ఒకాయన టోపీ కూడా తీసేశాడు. క్లాసులో ఇక నవ్వులు ఆగలేదు. అంకుల్ తెర మీద గాభరాగా, "అమ్మాయ్, వీళ్ళంతా ఎందుకు తిరుగుతున్నారు? ఆపమంటావా?" అన్నారు. ఒక మామ్మగారు ఆయన్ని ఆపి, ఈ ఆచారం ఎంత పాతది అని అడిగింది. అంకుల్ గొంతు సవరించుకున్నారు. "వెరీ ఏన్షియంట్ మేడమ్. మా ఆవిడ వైపు సంప్రదాయం. ఈ ఆకు మాకు గోల్డ్," అన్నారు, ఆ బంగారాన్ని తన చేతుల మీదుగానే తవ్వించినంత గర్వంగా. ఇన్నేళ్ళుగా దెప్పిన మనిషి! ఆంటీ రాలిన ఆకులు ఏరి అందరి చేతుల్లోనూ పెట్టింది, 'గోల్డ్, గోల్డ్' అంటూ. రొట్టెల పెద్దావిడకు ఇచ్చి వంగి కాళ్ళకు దండం పెట్టబోతే, ఆవిడ పట్టుకుని లేపి కౌగిలించుకుంది. చివరికి అంకుల్ చేతిలో పెట్టింది. ఆయన, "ఇంతమంది ముందు ఏవిటే..." అని సణిగి, ఆ ఆకును చొక్కా జేబులో పెన్ను పక్కన జాగ్రత్తగా పెట్టుకున్నారు. ఆంటీ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. దసరా నాకు అప్పుడే వచ్చింది.

"మీ గెస్టులు ఏం చూస్తున్నారు?" వెనక నుంచి మేడమ్ అడిగింది. అదే ప్రశ్న.

"చెట్టు," అన్నాను. "మా ఊళ్ళో చెట్టులాంటిది. మేడమ్, అదే చెట్టో దాని చుట్టమో నాకు తెలియదు. దాని పేరు కూడా నాకు తెలియదు."

"మెస్కీట్," అంది ఆవిడ. "నువ్వు ఈ సెమిస్టరంతా చెబుతున్నది దాని గురించే."

నా మొహం చూడాల్సింది. ఇన్ని వారాలు ఆ చెట్టు పిండి వల్లించాను, బొగ్గు వల్లించాను, నీడ కూడా వల్లించాను. చెట్టు మొహం ఒక్కసారి కూడా చూడలేదు. మేడమ్ మెల్లగా ముందుకొచ్చి తెరతో మాట్లాడింది. మీ టూర్ అయిపోవచ్చింది, చర్చి లోపలికి వెళ్ళనే లేదు, ఈ ఊరి గురించి మీకేం తెలిసింది అని ఆంటీని అడిగింది. నా డిప్లొమా, వర్క్ పర్మిట్, మా నాన్న పరువు, అన్నీ ఆంటీ నోట్లో ఉన్నాయి. ఆవిడ పైటతో కళ్ళు తుడుచుకుని, నాతో, "నువ్వు ఇంగ్లీషుల చెప్పు బిడ్డా," అని తెలుగులోనే మొదలుపెట్టింది.

"ఈ ఊరోళ్ళు ఈ చెట్టు కాయ దంచి పిండి చేస్కొని తిన్నరట. ఇప్పుడే ఈ రొట్టెలామె చెప్పింది. ఈ పందిరి గుంజలు ఈ చెట్టువే. ఆ గుడి తలుపులు సుత దీనివే అని నువ్వే చెప్పి చెప్పి నా చెవులు పోగొట్టినవు. స్పెయినోళ్ళు వచ్చిన్రు, మెక్సికోవోళ్ళు వచ్చిన్రు, అమెరికావోళ్ళు వచ్చిన్రు, జెండాలు మారినయి. అందరు దీని నీడకే కూసున్నరు. ఇయ్యాల నేనొచ్చి కూసున్న. గంతే. లోపలికి రేపు పోతం, తలుపు ముట్టి చూస్త."

నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను, మధ్యలో రెండుసార్లు తడబడ్డాను. కళ్ళు మాత్రం మూసుకోలేదు. వెనక నుంచి అంకుల్, "అమ్మాయ్, ఒక కథ ప్రకారం అన్నావు, అది మాత్రం నువ్వు చెప్పనే లేదు," అంటుండగా కాల్ తెగింది. కళ్ళజోడు మేడమ్ పూసల దండ అందుకుని కళ్ళజోడు పెట్టుకుంది. "పాస్. గోపురం దగ్గర కళ్ళు మూసుకున్నందుకు మార్కులు కోశాను," అంది. ఆవిడ కూడా ముక్కు తుడుచుకుంటున్నట్టు నాకనిపించింది గానీ, బయట చలి కదా, జలుబైనా అయి ఉండొచ్చు.

బస్ స్టాప్‌కి వచ్చేసరికి గాలి లేచింది. అక్కడ నడిరాత్రయినా అమ్మను ఫోన్ చేసి లేపి పాసయ్యానని చెప్పి, జమ్మికి పోయొచ్చారా అని అడిగి, నాకు మాత్రం ఆకు లేదని కొంచెం గునిశాను. ఆంటీకి దొరికింది, ఆ టోపీ ఆయనకూ దొరికింది. అప్పుడే కారు పార్కింగ్‌కు వెళ్తున్న మేడమ్ నన్ను చూసి ఆగింది. నా హుడ్‌లో చెయ్యి పెట్టి ఏదో తీసి, నా అరచేతిలో ఉంచింది. ఈనెకు రెండు వైపులా వరసగా సన్నటి ఆకులు. పసుపు పచ్చగా, నిజం బంగారం రంగులో. "దీన్ని ఎప్పుడైనా చూశావా?" అంది.

తలెత్తాను. రోజూ నేను తిట్టే ఆ దరిద్రపు చెట్టు, సాయంత్రపు ఎండలో ఆపాదమస్తకం బంగారమై ఊగుతోంది. కింద బెంచీ మీద, రోడ్డు మీద, ఆగిన బస్సు పైకప్పు మీద, నా బూట్ల మీద రవ్వలు రవ్వలుగా బంగారమే. (అది జమ్మి కాదని తర్వాత తెలుసుకున్నాను. అదీ, మెస్కీటూ, జమ్మీ అన్నీ చిక్కుడు జాతివే, దూరపు చుట్టాలు.) ఆ ఆకును మేడమ్ చేతిలోనే పెట్టి, వంగి ఆవిడ కాళ్ళకు దండం పెట్టాను. ఆవిడ కంగారుపడి, నాకేదో కళ్ళు తిరిగాయనుకుని, భుజాలు పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది.

ఇంటికి ఒక డబ్బా నిండా ఆకులు పట్టుకెళ్ళాను. ఓవర్‌టైమ్ నిద్రకళ్ళతో ఒక ఆకు తీసుకుని, "ఏందిమే ఇది, కరివేపాకు ఎండబెట్టినావా?" అంది. ఆ మరుసటి దసరా నుంచి ఓవర్‌టైమే కరీంనగర్, వరంగల్, సిద్దిపేట పిల్లలను బస్సు దింపి ఆ స్టాప్‌కి తోలుకొచ్చేది. డ్రైవరు ప్రతిసారీ ఏదైనా ప్రమాదం జరిగిందేమోనని కిందికి దిగి చూసేవాడు. ఆయనకూ ఒక ఆకు ఇచ్చేవాళ్ళం.

ఇప్పుడు నేను హాలిఫాక్స్‌లో గైడ్‌ని. ఓడరేవు చూపిస్తాను, ఫెర్రీ ఎక్కిస్తాను, అప్పుడప్పుడూ చెప్పడం ఆపేసి మా వాళ్ళు ఏం చూస్తున్నారో చూస్తాను. టూసాన్ మాత్రం ఇప్పటికీ చూడలేదు. అంకుల్ ఫోన్ చేసినప్పుడల్లా ఆ గోపురం కథ అడుగుతారు, నేను వచ్చే చలికాలం చెబుతానంటాను. దసరా దగ్గరపడితే మాత్రం ఆ బస్ స్టాప్ గుర్తొస్తుంది. బెంచీ మీద ఒక పిల్ల కూర్చుని, హుడ్ విసుగ్గా దులుపుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ఎక్కడో ఎడారిలో ఉన్న చెట్టు గురించి వల్లిస్తూ ఉంటుంది. పైనుంచి దాని నెత్తి మీద బంగారం రాలుతూనే ఉంటుంది. దగ్గరికి పోయి, కళ్ళు తెరవవే పిచ్చిపిల్లా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేది కాదు, రైలు దాకా చెప్పేసి గానీ కళ్ళు తెరిచేది కాదు.